లక్షకు ఎంతమంది

నా పేరు డోర్కస్ బేర్‌స్కిన్. వయసు ఎనభై ఒకటి. రెండు రాళ్ళ సరస్సు ఊళ్ళో చర్చి వెనక మూడో ఇల్లు నాది. ఇంట్లో నేను, మా ఆడపడుచు హిల్డా, ఒక కుంటి కుక్క ఉంటాం. నాకు చదవడం రాదు, రాయడం రాదు. సర్కారువాళ్ళు మా పిల్లల్ని బలవంతంగా దూరపు బడికి ఎత్తుకుపోయే విమానం వచ్చిన ఏడాది మా నాన్న నన్ను ఉచ్చులు పన్నే అడవిలోకి తీసుకుపోయి దాచాడు. మంచు కరిగేదాకా తిరిగి ఊళ్ళోకి తేలేదు. అందుకని ఇది నేను చెబుతుంటే రేడియో జోసయా రాస్తున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని బైబిలు మీద చెయ్యి వేయించాను.

విన్నిపెగ్‌లో ఉన్న నా కూతురు లారెట్టాను దీవించి అమ్మ చెప్పేది. ఇక్కడ మేం తింటున్నాం, తిరుగుతున్నాం, పొయ్యి వెలుగుతోంది. నువ్వూ అలాగే ఉన్నావని అనుకుంటున్నాను. "అందరం క్షేమం" అని జోసయా అలవాటు కొద్దీ రాయబోయాడు. కొట్టెయ్యమన్నాను. పేరూ వయసూ ముందే ఎందుకు చెప్పానంటే, ఇది నీకు ఉత్తరం, రేపు విచారణవాళ్ళు పిలిస్తే వాళ్ళకు నా వాంగ్మూలం కూడా. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు.

నీ ఉత్తరాన్ని జోసయా చేత మూడుసార్లు చదివించుకున్నాను. నువ్వు నాలుగు సంగతులు అడిగావు. ఒక్కొక్కటే చెబుతాను.

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నర్సు ఇచ్చిన మాత్రలు హిల్డా మింగుతోంది. "నా మోకాళ్ళ గురించి కూడా రాయించు వదినా, దానికి నేనూ మేనత్తనే" అంటోంది. రాయించాను.

పొయ్యి గొట్టం మార్చారు. మార్చిన మనిషి అరగంట పని చేసి నాలుగు గంటలు టీ తాగాడు.

నీ కూతురు రొయానా సామాను వచ్చిందా అని అడిగావు. వచ్చింది. నిరుడు ఫిబ్రవరిలో పిల్లతోపాటు రాలేదు. మొన్న జూన్‌లో నల్ల సంచిలో కట్టి పంపారు. మంచుగడ్డ మీద ఆడే బ్రూంబాల్ బంతాటలో వేసుకునే అడుగు మెత్తటి బూట్లు, మోకాలి కవచాలు, బడి పుస్తకాలు ఉన్నాయి. నేను కుట్టిన దుప్పితోలు చేతితొడుగులు లేవు. అవి ఆ రోజు వేసుకునే బయటికి వెళ్ళిందని పిల్ల ఉండి చదువుకున్న ఇంటామె చెప్పింది. పిల్ల దొరికినప్పుడు చేతులకు లేవు. ఫిబ్రవరిలో, ఆ చలిలో, చేతితొడుగులు తీసి పారేసుకునే పిల్ల మన ఊళ్ళో పుట్టలేదు. ఈ మాట పోలీసులకు చెప్పాను. వాళ్ళు తలూపారు. రాసుకోలేదు.

నాలుగో ప్రశ్నకు జవాబు చివర్లో చెబుతాను. ముందే చెబితే నువ్వు మిగతాది చదవవు.

ఇప్పుడు నా గోడు విను. మన ఊళ్ళో బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది కాబట్టి పిల్ల పై చదువుకు రేవుకు వెళ్ళింది. పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఆ నగరాన్ని మనవాళ్ళందరూ రేవు అనే అంటారు. అక్కడ ఎవరింట్లోనో ఉండి చదువుకుంది. ఆరో నెలలో రైలు కట్ట కింద దొరికింది. తాగి జారిపడింది, చలికి పోయింది అన్నారు. రక్తంలో తాగుడు లేదని తేలాక, ఎలా పోయిందో తెలియలేదు అన్నారు. అదే కాగితం మీద పెట్టి దస్త్రం మూసేశారు. ఇదంతా నీకు తెలుసు. నీకు తెలియనిది ఏమిటంటే, పెట్టెలో వచ్చిన పిల్లకు బట్టలు మార్చింది నేనూ హిల్డా. నువ్వు వచ్చేసరికి మూత వేసేశాం. నువ్వు చూడకూడదనే వేశాం.

నేను డెబ్భై ఏళ్ళుగా జంతువుల తోలు తీస్తున్న మనిషిని. పడి చచ్చిన దుప్పి ఏదో, దెబ్బ తిని చచ్చినది ఏదో తోలు విప్పితే చెప్పగలను. పడేవాళ్ళు ఎవరైనా చేతులు అడ్డం పెట్టుకుంటారు. అరచేతులు గీసుకుపోతాయి. రొయానా అరచేతుల మీద ఒక్క గీత లేదు. చేతి వెనక, వేళ్ళ కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది. దెబ్బ ఎడమ చెవి వెనక ఉంది. కట్ట మీద నుంచి జారిన పిల్లకు చెవి వెనక దెబ్బ, పిడికిలికి గాయం ఎలా వస్తాయో నాకెవరైనా చెప్పాలి. అది ఆటలో గోలు కాచే గోలీ. బంతికి ఎదురుగా నిలబడే పిల్ల. తిరగబడి ఉంటుంది.

మొన్న జూలైలో ఒక మధ్యాహ్నం నేను చేపలు కోస్తున్నాను. రేడియోలో బింగో అంకెల ఆట మధ్యలో జోసయా వార్తలు చదువుతున్నాడు. కెనడాలో ఏ నగరంలో ఎన్ని హత్యలు జరిగాయో ఏడాదికోసారి వేసే పట్టిక వచ్చిందట. "మన రేవు వరుసగా మూడేళ్ళు దేశంలో మొదటి స్థానంలో ఉంది. నిరుటి లెక్కలో నాలుగో స్థానానికి దిగింది. నగరం ఇప్పుడు భద్రంగా ఉందని మేయరు సంతోషం వెలిబుచ్చారు" అని చదివాడు.

నేను లేచి వెళ్ళాను. రేడియో గది ఎంత దూరం, రోడ్డు దాటితే అదే కదా. కత్తి చేతిలోనే ఉండిపోయింది. వీడు మైకు ఆపకుండానే, "డోర్కస్ పెద్దమ్మ కత్తితో వచ్చింది, బింగో కాసేపు ఆపుతున్నాం" అన్నాడు. ఊరంతా విన్నది.

"ఏంట్రా నువ్వు చదివింది?" అన్నాను.

"వార్త పెద్దమ్మా. ముందు ఆ కత్తి కింద పెట్టు."

"రేవు మొదటి స్థానమా? ఎలారా? విన్నిపెగ్‌లో నలభై పైన పోయారు, రేవులో పదకొండు మందే అని రెండేళ్ళ కిందట నువ్వేగా నాకు చదివి చెప్పావు?"

"మనుషుల్ని లెక్కపెడితే అంతే. కానీ పట్టిక అలా వెయ్యరు. విన్నిపెగ్‌లో ఎనిమిది లక్షల జనం ఉన్నారు. రేవులో లక్షా పదివేలు. లక్ష మందికి ఎంతమంది అని భాగిస్తారు. విన్నిపెగ్‌కు అయిదు చిల్లర వస్తుంది. రేవుకు పది వస్తుంది. అంటే రేవులో ముప్పు దాదాపు రెండింతలన్నమాట."

కత్తి వాడి బల్ల మీద పెట్టాను.

"ఈ సంగతి అప్పుడెందుకు చెప్పలేదురా?"

"అప్పుడు నువ్వు ఎంతమంది అని అడిగావు. ఎంతమందో చెప్పాను" అన్నాడు. వాడి తప్పు లేదు. అయినా రెండు వారాలు వాడితో మాట్లాడలేదు. ఇది రాస్తూ ఇప్పుడు తల దించుకున్నాడు.

ఆ రోజు బయటికి వచ్చేముందు మాత్రం ఒకటి అడిగాను. "మన ఊళ్ళో మూడువందల ఎనభై మందిమి ఉన్నాం. మనలో ఒకరు పోతే లక్షకు ఎంత?"

కాగితం మీద గీసి చూశాడు. "రెండువందల అరవై మూడు."

"అయితే మనదేనా దేశంలో మొదటి స్థానం?"

"మన ఊరు పట్టికలో ఉండదు పెద్దమ్మా. ఇది నగరాలకే. అయినా రొయానా ఇక్కడ పోలేదు, రేవులో పోయింది."

"మరి రేవు లెక్కలో ఉందా?"

లేదు. ఎలా పోయిందో తెలియదన్నారు కాబట్టి హత్య కింద రాయలేదు. ఆ నాలుగో స్థానంలో మన పిల్ల లేదు. సరే, పోనీ ఆ లక్షా పదివేల జనంలోనైనా ఉందా అని అడిగాను. అదీ లేదట. చదువుకోను వెళ్ళిన పిల్లల్ని జనాభా లెక్కలో సొంత ఊళ్ళోనే రాస్తారట. అంటే లారెట్టా, నీ కూతురు ఆ భాగించే జనంలో లేదు, ఆ పోయినవాళ్ళలో లేదు. భాగహారం గీతకు పైన లేదు, గీతకు కింద లేదు. ఆరు నెలలు ఆ రోడ్ల మీద నడిచింది, ఆ బడిలో కూర్చుంది, వాళ్ళ జట్టుకు గోలీగా నిలబడింది. ఆ ఊరి లెక్కకు మాత్రం ఆ పిల్ల రానే లేదు, పోనే లేదు.

మనం నీళ్ళలో బతికే బీవర్‌ను చంపితే ఎముకలు ఏరి మళ్ళీ నీళ్ళలోకి వదులుతాం. కుక్కలకు వెయ్యం. నీ చిన్నప్పుడు ఒకసారి కుక్క ఒక ఎముక ఎత్తుకుపోతే మీ నాన్న చీకటి పడేదాకా దాని వెంట తిరిగి తెచ్చి నీళ్ళలో వేశాడు. ఒక్కటి తగ్గినా నీళ్ళలో ఉన్న దాని వాళ్ళకు తెలుస్తుందని అన్నాడు. ఆయనకు బడి లేదు, భాగహారం రాదు.

ఆగస్టు మొదట్లో జోసయాను తోడు తీసుకుని విమానంలో రేవుకు వెళ్ళాను. నీకు చెప్పలేదు, చెబితే వద్దంటావు. పోలీసు ఠాణాలో ఒక సార్జెంటు కూర్చోబెట్టాడు. మంచివాడే, నీళ్ళు ఇచ్చాడు. గోడ మీద పెద్ద బొమ్మ పెట్టారు, అందులో గీత కిందికి దిగుతోంది. దాన్ని చూపించి, "చూడండమ్మా, మేం ఎంత కష్టపడుతున్నామో" అన్నాడు.

"ఆ గీతలో నా మనవరాలు ఎక్కడుంది?" అన్నాను. జోసయా వాళ్ళ భాషలో చెప్పాడు.

"ఆమెది హత్య అని రుజువు లేదమ్మా."

అరచేతుల సంగతి చెప్పాను. చెవి వెనక దెబ్బ సంగతి చెప్పాను. అతను ఓపిగ్గా విని, "మీరు డాక్టరా అమ్మా?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

"కాను. నీ డాక్టరు ఎన్ని జంతువుల తోలు తీశాడు?" అన్నాను.

జోసయా ఈ మాట చెప్పకుండా దగ్గాడు. చెప్పమని కాలు తొక్కాను. చెప్పాడు. సార్జెంటు నవ్వబోయి మానేశాడు. తర్వాత ఒక కాగితం తీశాడు. దస్త్రం మళ్ళీ తెరవమని మరణ విచారణ అధికారిని అడగవచ్చట. గడువు ఈ సెప్టెంబరు ఆఖరు వరకే. అమ్మమ్మ అడిగితే చెల్లదు, తల్లి సంతకం చెయ్యాలట. పదకొండేళ్ళు పెంచిన చెయ్యి పనికిరాదు.

ఆ కాగితం ఈ కవరులోనే ఉంది.

దస్త్రం మళ్ళీ తెరవడానికి ఒప్పుకోనని నువ్వు ముందే రాశావు. "మళ్ళీ దాన్ని ఫొటోల్లో పరిచి మాట్లాడుకుంటారు, దాన్ని పడుకోనివ్వమ్మా" అన్నావు. అర్థమైంది. మీ తమ్ముడు ఎలై హత్య కేసప్పుడు విన్నిపెగ్ కోర్టులో నువ్వు మూడు వారాలు కూర్చున్నావు. ఆ ఫొటోలు చూసింది నువ్వే. నేను చూడలేదు. అయితే ఎలైని చంపినవాడికి పేరుంది, శిక్ష పడింది, ఆ ఏటి పట్టికలో ఎలై ఒకడిగా ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళ తర్వాత నేను వాడి పేరు నోరారా చెప్పగలుగుతున్నాను. రొయానా పేరు చెప్పబోయి "పిల్ల" అని దాటిపోతున్నాను. ఇద్దరూ నా వాళ్ళే. తేడా ఇదొక్కటే.

ఇక నీ నాలుగో ప్రశ్న.

"అది నా దగ్గరికి ఎందుకు రానందమ్మా? నాలుగేళ్ళ పిల్లని నీ దగ్గర వదిలి వచ్చానని కోపమా? నేను తాగుడు మానేసి ఆరేళ్ళయింది, గది సిద్ధం చేశాను, నీలం దుప్పటి కొన్నాను. అయినా రేవే కావాలంది. నీతో ఏమైనా చెప్పిందా?" అని అడిగావు.

ఇక్కడ హిల్డా పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "ఇది రాయించకు వదినా" అంది. "ముందు దాన్ని సంతకం పెట్టి పంపనీ. ఆ తర్వాత నెమ్మదిగా చెబుదువు."

"సంతకం తీసుకున్నాక చెబితే అది దొంగతనం" అన్నాను.

"చెబితే సంతకం పెట్టదు. నీ మొహం చూడదు."

"చూడకపోనీ. రాయరా జోసయా."

వాడు కలం కింద పెట్టి ముక్కు చీదుకుని వచ్చాడు. రాస్తున్నాడు.

లారెట్టా, అది నీ దగ్గరికి రానని అనలేదు. వస్తానంది. నువ్వు ఫోను చేసి పంపమన్న రోజు సాయంత్రమే బూట్లు కడిగి ఎండలో పెట్టుకుంది. విన్నిపెగ్‌లో బ్రూంబాల్ ఆడతారా అని జోసయాను అడిగి వచ్చింది. "అమ్మ ఇంట్లో నాకు విడిగా గది ఉంటుందా అమ్మమ్మా?" అని నన్ను అడిగింది. నేనే వద్దన్నాను. విన్నిపెగ్ అనగానే నాకు ఎలై కనబడతాడు. జోసయా చేత పట్టిక చదివించాను. నలభై పైన ఒకచోట, పదకొండు ఒకచోట. పదకొండు మీద వేలు పెట్టాను. మందలో ఎన్ని పోయాయో చూసుకునేదాన్నే గాని మంద ఎంతదో చూడాలని నాకు తోచలేదు. పోయిన మనిషి మనిషే అనుకున్నాను. తక్కువమంది పోయినచోటే పిల్ల బతుకుతుందనుకున్నాను.

అంతవరకైతే అది తెలియనితనం. ఆ తర్వాత నేను చేసింది తెలిసే చేశాను. వద్దంటే ఇద్దరూ నాతో పోట్లాడతారని, దానితో "మీ అమ్మ ఇల్లు ఇరుకు, ఇంకో ఏడాది ఆగమంది" అన్నాను. నీతో "పిల్ల తన జట్టువాళ్ళతో రేవుకే వెళ్తానంటోంది, నిన్ను అడగొద్దంది" అన్నాను. మీరిద్దరూ తర్వాత మా వంటింటి ఫోనులో మాట్లాడుకుంటే నేను పక్కనే పిండి కలుపుతూ విన్నాను. అది చలి గురించి చెప్పింది, నువ్వు బట్టల గురించి అడిగావు. ఒకరికి ఒకరు అక్కర్లేదని ఇద్దరూ నమ్మారు, ఇద్దరికీ రోషం, ఒక్కరూ అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే నా అబద్ధం ఆ పూటే బయటపడేది. అడగకపోతే బాగుండునని పిండి కలుపుతూ దేవుణ్ణి వేడుకున్నాను. నా మొర ఆలకించాడు.

పిల్ల పోయాక నీకు చెబుదామనుకున్నాను. నువ్వు శవపేటిక పక్కన కూర్చుని "నేనంటే ఇష్టం లేదు దానికి" అని ఏడుస్తుంటే నోరు తెరిచాను. హిల్డా వచ్చి నీకు టీ ఇచ్చింది. నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఏడాదిన్నర అలాగే మూసుకున్నాను. రేవువాళ్ళ మీద అరుస్తూ తిరిగాను, అరిచినకొద్దీ ఈ మాట అడుగుకు పోయింది. మొన్న సార్జెంటు ముందు బల్ల గుద్ది "నా మనవరాలి సంగతి ఎందుకు దాచారు" అన్నాను. అంటుంటేనే నా మాట నాకే తగిలింది.

నిన్ను క్షమించమని అడగను. నువ్వు క్షమించినా నేను తీసుకోలేను. ఆ కాగితం మీద సంతకం చెయ్యి అని మాత్రం అడుగుతున్నాను. నా మొహం చూసి కాదు. నా మీద కోపంతోనే చెయ్యి. విచారణ పెడితే నన్ను పిలుస్తారు, అప్పుడు ఈ ఉత్తరం అక్కడ చదివిస్తాను, పిల్లని ఆ ఊరికి పంపింది ఎవరో కూడా వాళ్ళ దస్త్రంలో ఉంటుంది. ఎవరు కొట్టారో తేలనీ, తేలకపోనీ. రేవు లెక్కలో ఒకటి పెరగాలి. వాళ్ళు మళ్ళీ మొదటి స్థానానికి ఎక్కితే ఎక్కనీ. చెయ్యనంటే చింపి పొయ్యిలో వెయ్యి, నేను మళ్ళీ అడగను, ఒట్టు. ఉత్తరంలో ఈ ఆఖరి పేజీ మాత్రం చింపకు.

దాన్ని విమానం ఎక్కించిన రోజు సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఉదయం, గాలి లేదు, సరస్సు పలకలాగా ఉంది. ఎనిమిది మంది పిల్లలు ఎక్కుతున్నారు. రొయానా మెట్ల దగ్గర ఆగి పైలట్‌ను అడిగింది, "విన్నిపెగ్ ఏ పక్క వస్తుంది?" అతను నవ్వాడు. "మనం అటు పోవడం లేదమ్మా, అది చాలా దూరం, ఎటు కూర్చున్నా కనబడదు" అన్నాడు. "కనబడకపోయినా పర్లేదు, ఏ పక్క?" అంది. కుడి పక్క అని చెప్పాడు.

ఎడమ పక్క దాని స్నేహితురాళ్ళంతా చోటు ఆపి చేతులు ఊపి పిలుస్తున్నారు. అది వెళ్ళి కుడి పక్క కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుంది. నేను రన్‌వే కంచె దగ్గర విమానానికి ఎడమ వైపు నిలబడ్డాను. నాకు దాని మొహం కనబడలేదు. అది నీ వైపు చూస్తూ వెళ్ళింది.

ఇట్లు,
నిన్ను కన్న, నీ కూతుర్ని నీకు కాకుండా చేసిన
అమ్మ

డోర్కస్ బేర్‌స్కిన్ గుర్తు: స్టర్జన్ చేప బొమ్మ, మా నాన్న వంశానిది, నా చేత్తో గీసింది.

చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించిన సాక్షి: జోసయా క్వెక్విష్, రెండు రాళ్ళ సరస్సు రేడియో.

ఎదురుగా ఉండి విన్న సాక్షి: హిల్డా బేర్‌స్కిన్, నీ మేనత్త. ఆ టీ ఇచ్చిన రోజు నాకూ ఈ సంగతి తెలుసు.